చదరపు అడుగుల జనాభా

హైదరాబాద్ అంచున తెల్లాపూర్, కొల్లూరు, ఉస్మాన్‌నగర్ చుట్టుపక్కల ఎన్ని లక్షల చదరపు అడుగులు లేస్తున్నాయో అడగండి. టీ కొట్టు దగ్గర నిలబడ్డ బ్రోకరు కుర్రాడు టవర్ల పేర్లతో సహా అప్పజెబుతాడు. ఎంతమంది మనుషులున్నారని అడగండి. ఆఫీసులో కూర్చున్న పెద్దసారు కూడా ఫ్యాను వైపు చూస్తాడు. ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు. ఈ దేశంలో చివరిసారి తలలు లెక్కపెట్టింది 2011లో. 2021లో జరగాల్సిన లెక్క కరోనా పేరు చెప్పి వాయిదా పడింది, కరోనా పోయాక ఏ పేరూ చెప్పకుండా వాయిదా పడింది. 2011లో మా టవర్ ఉన్నచోట జొన్నచేను. కాబట్టి ప్రభుత్వ రికార్డుల ప్రకారం రోజూ పొద్దున మా క్లబ్‌హౌస్‌లో జుంబా చేస్తున్నవి జొన్నకంకులే.

ఆ పాత లెక్క ఊరికే పోలేదు, ఒక సంగతి చెప్పే పోయింది. 2001 నుంచి 2011 వరకు హైదరాబాద్ జిల్లా జనాభా 5 శాతం కూడా పెరగలేదు. పక్కనున్న అప్పటి ఉమ్మడి రంగారెడ్డి జిల్లా జనాభా 48 శాతం పెరిగింది. జనం నడిమి ఊరు వదిలి అంచులకు జరుగుతున్నారని పసిపిల్లాడికీ అర్థమయ్యే లెక్క. సర్కారు దాన్ని ఫైల్లో పెట్టింది. బిల్డరు బ్రోషర్లో పెట్టాడు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు చుట్టూ ఇప్పుడు ఏ ఎగ్జిట్ దగ్గర దిగినా మీకు కనిపించేది ఆ బ్రోషరే.

ఇంత వేగంగా పెరిగే ఊళ్లో అడ్రసు కూడా కుదురుగా ఉండదు. 2013లో తెల్లాపూర్‌లో ప్లాటు కొన్నవాడి కాగితాలు తీయండి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, మెదక్ జిల్లా, రామచంద్రాపురం మండలం, గ్రామ పంచాయతీ అని ఉంటుంది. 2014లో రాష్ట్రం మారింది. 2016 దసరాకి జిల్లా మారి సంగారెడ్డి అయింది. 2018లో పంచాయతీ పోయి మునిసిపాలిటీ వచ్చింది. 2025 చివర్లో ఔటర్ చుట్టుపక్కల 27 పురపాలికల్లో ఒకటిగా దీన్నీ జీహెచ్ఎంసీలో కలిపేశారు. అంటే ఆ మనిషి కాలు కదపకుండా, పెట్టే బేడా సర్దకుండా, పల్లెటూరి నుంచి మహానగరానికి వలస వచ్చేశాడు. ఇంటి ముందు రోడ్డు మాత్రం పంచాయతీలోనే ఉండిపోయింది.

ముంబై నుంచి వచ్చినవాళ్లకు ఇక్కడి సంగతి ఒకటి చెబితే కళ్లు తేలేస్తారు. వాళ్ల దగ్గర ఎఫ్ఎస్ఐ అని ఒకటుంటుంది. ఇంత స్థలంలో ఇంతే కట్టాలన్న గీత. మనం ఆ గీతను 2006లో జీవో 86తో చెరిపేశాం. ఎదురుగా రోడ్డు ఎంత వెడల్పుంది, చుట్టూ ఎంత ఖాళీ వదిలావు, అంతే ప్రశ్న. ఆపైన ఆకాశం నీ ఇష్టం. అందుకే నలభై అంతస్తులు, యాభై అంతస్తులు. పత్రికల్లో రోజూ చూస్తున్న స్కైలైన్ ఫొటోలు దాని పుణ్యమే. అయితే అడ్డంగా లేని జనం నిలువుగా పుట్టుకొచ్చేసరికి కింద చిక్కొచ్చింది. మాస్టర్ ప్లాన్‌లో వంద అడుగులున్న రోడ్డు నిజంలో ఒక చోట వంద అడుగులే, ఇంకో చోట కోర్టు స్టే, మరో చోట మైసమ్మ గుడి. పొద్దున ఎనిమిదిన్నరకి టవర్లన్నీ కలిసి తమ కార్లను ఆ మైసమ్మ తల్లి ముందు వదులుతాయి. కోకాపేట నియోపోలిస్ దాకా వెళ్లేలోపు సాఫ్ట్‌వేరు ఇంజినీరు రెండు మీటింగులు స్టీరింగు ముందే ముగిస్తున్నాడు. వర్క్ ఫ్రమ్ హోమ్ తీసేశారని ఏడ్చేవాళ్లు గమనించని సంగతి, వాళ్లకు వర్క్ ఫ్రమ్ రోడ్ ఇచ్చారు.

ఇక మా చదరపు అడుగుల సంగతి. రెరా చట్టం 2016లోనే వచ్చింది, కార్పెట్ ఏరియా లెక్కనే అమ్మమంది. అయినా సైట్ ఆఫీసులో నోటి మాట ఇప్పటికీ ఎస్ఎఫ్‌టీ, అదీ సూపర్ బిల్టప్. అందులో మన గదులతో పాటు కారిడారు వాటా, మెట్ల వాటా, లిఫ్టు వాటా, క్లబ్‌హౌస్ వాటా కలిసుంటాయి. అంటే నేను లిఫ్టెక్కినప్పుడల్లా మడమ మోపేంత మేర నా సొంత ఆస్తి మీదే నిలబడుతున్నాను. మిగతా పాదం పొరుగువాళ్ల దయ. గోడలు అల్యూమినియం అచ్చుల్లో పోసిన కాంక్రీటు, మివాన్ అంటారు. భూకంపం వచ్చినా చెక్కుచెదరవట. నిజమే. మా ఆవిడ వాళ్ల నాన్నగారి ఫొటో తగిలిద్దామని మేకు కొడితే మేకు వంగింది, సుత్తి పిడి ఊడింది, గోడ మీద గీత కూడా పడలేదు. మావగారు గృహప్రవేశం నాటి నుంచీ షూ ర్యాక్ మీద ఆనుకుని ఉన్నారు.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఈ అడుగుల్లో ఉంటున్నది ఎవరు? సాయంత్రం ఆరింటికి మా పోడియం మీద కాసేపు కూర్చుంటే జనాభా శాస్త్రం దానంతటదే బోధపడుతుంది. పదేళ్లలోపు పిల్లలు గుంపులు గుంపులు. వాళ్ల వెనక అరవై దాటిన తాతయ్యలు, నానమ్మలు. ఏడున్నర దాటితే ముప్పై అయిదు, నలభై మధ్య వయసున్న తల్లిదండ్రులు మెడలో ఐడీ కార్డులతో. పదిహేను నుంచి పాతికేళ్ల లోపు వాళ్లు దుర్భిణీ వేసినా దొరకరు. ఇంటర్ వాళ్లను కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో పెట్టారు, ఇంటి నుంచి కాలేజీ కనిపించినా సరే, చదువు హాస్టల్లోనే వస్తుందని నమ్మకం. బీటెక్ అయినవాళ్లు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నారు. పుస్తకాల్లో జనాభాను పిరమిడ్‌గా గీస్తారు. మా గేటెడ్ కమ్యూనిటీది డమరుకం. పైనా కిందా వెడల్పు, నడుమ సన్నం.

ఆ పైభాగం మాత్రం స్థిరంగా ఉండదు. అమ్మమ్మ తాతయ్యలు ఆరు నెలలు, నానమ్మ తాతయ్యలు ఆరు నెలలు. అమెరికా విజిటర్ వీసాకి పెట్టిన గడువునే మన ఇళ్లల్లోనూ పాటిస్తున్నారు. పోడియం బెంచీ మీంచి తెనాలి వియ్యపురాలు దిగే రోజే కరీంనగర్ వియ్యపురాలు ఎక్కుతుంది. "మీరెప్పుడొచ్చారు వదినా?" "నిన్ననే. మీ డ్యూటీ అయిపోయిందా?" ఇలా నడుస్తాయి పలకరింపులు. వాళ్ల ఓటు తెనాలిలో, రేషను కార్డు కరీంనగర్ పక్క పల్లెలో, పింఛను బ్యాంకు ఇంకెక్కడో. మోకాళ్లు మాత్రం ఇక్కడ.

ఓటు మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. పొరుగునున్న శేరిలింగంపల్లి నియోజకవర్గంలో 2023లో 7 లక్షలకు పైగా ఓటర్లు, రాష్ట్రంలోకెల్లా ఎక్కువ. పోలింగు రోజు బూత్‌కొచ్చింది దాదాపు సగం మందే. మిగతావాళ్లకు ఊళ్లో ఇంకో ఓటుందో, శ్రీశైలంలో రూమ్ బుకింగు ఉందో తెలియదు.

హోర్డింగు మీద ఇంకో జనాభా ఉంది. తెల్లగా, నవ్వుతూ, నలుగురే ఉంటారు. అమ్మ, నాన్న, ఒక బాబు, ఒక పాప. వాళ్ల కుక్క జాతి మన దేశంలో ఎండకు బతకదు. అదే హోర్డింగు వెనక్కి వెళితే రేకుల షెడ్లు. ఒడిశా, బిహార్, జార్ఖండ్ నుంచి వచ్చిన కుటుంబాలు. పదహారో అంతస్తు శ్లాబు పోసేదాకా ఒక సైటు, ఆ తర్వాత ఇంకో సైటు. మనకు 'హ్యాండోవర్' పండగ అంటే వాళ్లకు షెడ్డు పీకేసే రోజు. ఇంత జనం ఎవరి లెక్కలో ఉన్నారని అడిగితే బిల్డరు మేస్త్రీని చూపిస్తాడు, మేస్త్రీ వేరే మేస్త్రీని చూపిస్తాడు.

పేదలకు సర్కారు కట్టిన కొల్లూరు డబుల్ బెడ్‌రూమ్ కాలనీని మాత్రం లెక్కపెట్టారు, ప్రారంభోత్సవం ఉంది కదా. 2023 జూన్‌లో తలుపులు తెరిచారు. 15,660 ఇళ్లు, ఒక్కోటి 560 చదరపు అడుగులు. ఇంటికి నలుగురు చొప్పున వేసుకున్నా 60 వేల పైమాటే, అంటే ఒక పట్టణం. నగరం నడిమి బస్తీల్లో ఉన్నవాళ్లకు లాటరీలో పేరు తగిలింది. ఇల్లు ఇక్కడ, చేస్తున్న పని అక్కడ. మధ్యలో ఎక్కాల్సిన బస్సు ఎక్కడుందో తెలిస్తే వాళ్లే చెబుతారు. మా టవర్ వాట్సాప్ గ్రూపులో ఒకాయన ఆ కాలనీ వల్ల తన బాల్కనీ 'వ్యూ' పాడైందని రాశాడు. ఆయన మాస్టర్ బెడ్‌రూమ్, డ్రెస్సింగు గది, బాల్కనీ మూడూ కలిపితే అక్కడ ఒక ఇల్లవుతుంది. మరుసటి వారం అదే గ్రూపులో ఆయనే 'వంటకు మంచి మనిషి కావాలి, దగ్గరలో ఉండేవాళ్లయితే మేలు' అని రాశాడు.

ఇక్కడి పాత కాపు ఒకాయన మా టవర్లోనే ఉంటాడు. భూమిచ్చినందుకు వాటాగా ఫ్లాట్లొచ్చాయి. గేదెల్ని అమ్మలేక ఔటర్ అవతల తమ్ముడి దగ్గర ఉంచాడు, పొద్దున్నే కారేసుకుని పాలకు వెళతాడు. స్విమ్మింగ్ పూల్ పక్కన కోచ్ పిల్లలకు ఈత నేర్పుతుంటే చూస్తూ నాతో అన్నాడు: "గీడ మా బాయి ఉండె సార్. నేను సుత ఈడనే ఈత నేర్సుకున్న. అప్పుడు ఫీజు లేకుండె, మా నాయిన దబ్బున నూకిండు." ఎకరం ఎంతకిచ్చారని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. 2025 అక్టోబరులో రాయదుర్గంలో 177 కోట్లు. ఆ వార్తలొచ్చిన రోజున ఆయన పేపరు చదవలేదని వాళ్లావిడ చెప్పింది. మేం మాత్రం మిఠాయిలు పంచుకున్నాం, ఆ డబ్బేదో మా ఈఎంఐలో తగ్గిస్తారన్నట్టు.

మనుషుల్ని లెక్కపెట్టడానికి ప్రయత్నమే జరగలేదంటే పాపం తగులుతుంది. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఇంటింటి సర్వే చేసింది, 75 ప్రశ్నలు. మా గేటు దగ్గరకు ఒక టీచరమ్మ వచ్చింది. భుజాన సంచి, చేతిలో ఫారాల కట్ట.

"కౌన్‌సా ఫ్లాట్, మేడమ్?" అన్నాడు గార్డు.

"అన్నీ."

గార్డు ఫోన్లో యాప్ తెరిచి వెతికాడు. డెలివరీ ఉంది, క్యాబ్ ఉంది, పనిమనిషి ఉంది, గెస్టు ఉంది. ప్రభుత్వం లేదు. అన్ని ఫ్లాట్లూ అనే బటనూ లేదు. చివరికి ఆమెను 'అదర్స్' కింద చేర్చి ఒక్కొక్క ఫ్లాటుకే రిక్వెస్టు పంపడం మొదలెట్టాడు. మొదటి ఇంటివాళ్లు సైబర్ మోసమని తిరస్కరించారు. రెండో ఇంట్లో ఎత్తలేదు. మూడో ఇంట్లోంచి ఇంటర్‌కమ్‌లో ఒక గొంతు, "పార్సిలైతే అక్కడే పెట్టి వెళ్లిపొమ్మనండి" అంది. ఈలోగా పది నిమిషాల్లో సరుకులు తెచ్చే కుర్రాళ్లు ఆమె పక్క నుంచి కొత్తిమీర కట్టలు పట్టుకుని దూసుకుపోతూనే ఉన్నారు. టీచరమ్మ మెట్టు మీద కూర్చుని ముందు గార్డు వివరాలు రాసుకుంది. గేటు దాటకుండా దొరికిన మొదటి కుటుంబం అదే. రాష్ట్రం మొత్తం మీద 96.9 శాతం ఇళ్లు సర్వేలో చేరాయని తర్వాత ప్రకటించారు. ఆ మిగతా 3.1 ఎక్కడుందో మా గార్డుకు తెలుసు.

ఇప్పుడు అసలు జనగణనే వస్తోంది. 2026 ఏప్రిల్, సెప్టెంబరు నడుమ ముందు ఇళ్లను లెక్కపెడతారు. 2027 ఫిబ్రవరిలో తలల్ని, మార్చి 1 నాటి స్థితి ప్రకారం. ఇళ్ల లెక్కలో 33 ప్రశ్నలు. దీని మీద చర్చించడానికి మా అసోసియేషన్ అత్యవసర సమావేశం పెట్టింది.

గోడలు దేనితో కట్టారన్న ప్రశ్నకు మావగారి ఫొటో సాక్షిగా జవాబు ఏకగ్రీవం. ఇంట్లో ప్రధానంగా ఏ ధాన్యం తింటారన్న ప్రశ్న దగ్గర గొడవైంది. ఆరో అంతస్తు అండుకొర్రలంది. పన్నెండో అంతస్తు ఓట్స్ అంది. కీటో చేస్తున్న ఒకాయన తాను ధాన్యమే ముట్టనని, ఈ ప్రశ్న తనపై వివక్ష అని అభ్యంతరం నమోదు చేయించాడు. ఆయన వెనక కూర్చున్న తెనాలి నానమ్మ, "వీడు రాత్రి పన్నెండింటికి ఫ్రిజ్‌లోంచి పెరుగన్నం తింటాడమ్మా, అది రాయండి" అంది.

అసలు రభస వేరే దగ్గర. ఇల్లు దేనికి వాడుతున్నారని అడుగుతారు, మనిషి లేకపోతే ఖాళీ అని రాసుకుంటారు. 2011లోనే దేశం మొత్తం మీద పట్టణాల్లో కోటీ పది లక్షల ఇళ్లు ఖాళీ అని తేలింది. మా టవర్లో రాత్రి దీపాలు వెలిగే కిటికీలు చూస్తే రాబోయే లెక్కలో మా వంతు ఏ పాటిదో ఊహించొచ్చు. కొన్నవాళ్లు కొన్నారు, అద్దెకిస్తే ఇటాలియన్ మార్బుల్ పాడవుతుందని తాళం వేశారు. ఖాళీ అని రాస్తే రీసేల్ రేటు పడిపోతుందని సెక్రటరీ వాదన. మనుషులున్నారని రాస్తే ట్యాంకర్ల ఖర్చు వాళ్ల దగ్గర కూడా వసూలు చేయాల్సి వస్తుందని ట్రెజరర్ వాదన. గంటన్నర కొట్లాడుకున్నాక మధ్యేమార్గంగా ఒక తీర్మానం రాశారు: తాళం వేసిన ఫ్లాట్లలో కుటుంబం తాత్కాలికంగా బయటికి వెళ్లిందని చెప్పాలి, లెక్కలు తీసేవారు సర్వీస్ లిఫ్టు మాత్రమే వాడాలి.

తీర్మానం భారీ మెజారిటీతో నెగ్గింది. ఓటేసిన యజమానుల్లో సగం మంది డాలస్ నుంచి జూమ్‌లో కలిశారు, అక్కడ అప్పుడు అర్ధరాత్రి దాటింది.