ర్యాంకు లేని రాజమార్గము

ఎప్‌సెట్‌లో ర్యాంకు రాని కుమారునకు ఇక పుట్టగతులే లేవని విలపించు తలిదండ్రులు, పదవ తరగతి పిదప మూడేండ్లు పాలిటెక్నిక్‌లో చదివి, ఈసెట్ వ్రాసి, ఇంజనీరింగు రెండవ సంవత్సరముననే తిన్నగా చేరు డిప్లొమా విద్యార్థిని కన్నెత్తియైనను చూడరు. 1982లో హైదరాబాదున వెలసి, ఇంటర్మీడియట్ మొగమెరుగని వారికిని అర్హత పరీక్ష పెట్టి డిగ్రీ తరగతిలో చేర్చుకొనిన సార్వత్రిక విశ్వవిద్యాలయము వారి స్మరణకే రాదు. వారెరిగిన ప్రత్యామ్నాయ మొక్కటియే: ప్రైవేటు కళాశాలలో నూటికి 30 సీట్లు గల యాజమాన్య కోటా. అచ్చట కుమారుని ర్యాంకు వెనుకబడినను, తండ్రిగారి పొలము రిజిస్ట్రారు కార్యాలయమున ముందువరుసనే నిలుచును. ఎకరమమ్మి సీటు సంపాదించిన మరునాడు, “మావాడు ప్రతిభతోనే చేరినాడు” అని చుట్టములకు చాటుటకు మాత్రము ఏ కోటాయు అక్కరలేదు!