ఐదో జేబు

మా మేనకోడలు హైదరాబాదులో ఫ్యాషన్ డిజైన్ చదువుతోంది. చివరి ఏడాది ప్రాజెక్టుగా ఒంటిమీద వేసుకునే కళాఖండం ఒకటి తయారుచేయాలి. బట్టైనా నగైనా సరే, వేసుకున్న మనిషి నోరు విప్పకుండానే చూసేవాళ్ళకు విషయం తెలియాలి. ఆ పిల్ల మా ఊరి స్తూపాన్ని ఎంచుకుంది. సంక్రాంతి సెలవులకు అమరావతి వచ్చి, మా అమ్మ కుట్టుమిషను ముందు కూర్చుంది.

తెల్లటి మంగళగిరి నేతగుడ్డతో మడమల దాకా దిగే కోటు కుట్టింది. దానికి ఐదు జేబులు. నాలుగింటి మీద ఎర్రదారంతో గొలుసుకుట్టు: పూర్ణఘటం, విచ్చిన తామర, ధర్మచక్రం, పూలదండ మోసే మనుషులు. జేబుల్లో మాత్రం ఏమీ లేదు. కింది అంచు మడతలో పలనాటి సున్నపురాయి ముక్కలు పేర్చి కుట్టేసింది. రెండువేల ఏళ్ళనాడు మనవాళ్ళు స్తూపాన్ని చెక్కింది ఈ జాతి రాయిలోనే. నేను తొడుక్కుని నాలుగడుగులు వేశాను. భుజాలు లాగేశాయి.

"ఖాళీ జేబుల కోటు ఇంత బరువేందే?" అన్నాను.

"పోయినవాటి బరువు మామయ్యా" అంది. నాకు కళ్ళు చెమర్చాయి.

జేబుల కింద పేర్లు కూడా కుట్టింది: లండన్, చెన్నై, కోల్‌కతా, పారిస్. నాలుగూ నిజమే, మా స్తూపం శిల్పాలు ఆ నాలుగు ఊళ్ళకూ చేరాయి. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరి, అక్కణ్ణుంచి 1859లో ఓడెక్కి లండన్ వెళ్ళాయి. ఈనాడు బ్రిటిష్ మ్యూజియంలో మన శిల్పాలు నూటికి పైనే ఉన్నాయి. ఐదో జేబు మీద బొమ్మ లేదు, పేరూ లేదు. 1816లో బ్రిటిష్ సర్వేయరు కాలిన్ మెకెంజీ తన మనుషులతో శిల్పాలకు బొమ్మలు గీయించాడు. వాటిలో కొన్ని ఈనాటికీ కాగితం మీదే ఉన్నాయి, అసలు రాళ్ళ ఆచూకీ లేదు. అసలు బొమ్మకే ఎక్కని రాళ్ళు ఇంకెన్నో! ఆ జేబు వాటి కోసం.

అమ్మ కోటంతా తడిమి చూసి, ఆ జేబు దగ్గర ఆగింది.

"దీని కింద పేరు లేదేందే?"

"ఆ రాళ్ళు ఎవరెత్తుకుపోయారో తెలీదు అమ్మమ్మా. ఏ దొరగారి బంగళాలో దాచారో!"

అమ్మ మాట్లాడకుండా పెరట్లోకి వెళ్ళింది. మా పాత ఇంటి మొండిగోడ నుంచి అరచేతిమందాన సున్నపు పెళ్ళ ఒకటి ఊడదీసుకొచ్చి, ఆ జేబులో పెట్టింది.

"ఎవరూ ఎత్తుకుపోలేదమ్మా. మీ తాతోళ్ళ పెద్దలు ఇల్లు కట్టేటప్పుడు సున్నానికి దూరం పోలేదంట. దీపాలదిన్నె మీది బొమ్మలరాళ్ళు పగలగొట్టి బట్టీలో వేశారంట. మా అత్తగారు చెప్పేది."

దీపాలదిన్నె అంటే మా స్తూపం దిబ్బే. చరిత్ర పుస్తకాల్లోనూ ఉన్న మాటే ఇది. స్తూపం రాళ్ళు ఎన్నో సున్నమైపోయాయి. లండన్ చేరినవాటిని అద్దాల వెనకైనా చూడొచ్చు. బట్టీకి ఎక్కినవాటిని ఏ దేశం వెళ్ళినా చూడలేం.

మేనకోడలు ఆ రాత్రే మళ్ళీ మిషను ముందు కూర్చుంది. కోటు ఆ పెళ్ళతోనే కాలేజీ ప్రదర్శనకు వెళ్ళింది. ఐదో జేబు కింద ఊరి పేరు లేదు. మా ఇంటిపేరు ఉంది.