సుత్తిదెబ్బ విద్వాంసులు

తాళాలు తీయడం హాబీగా పెట్టుకున్నవారిలో ఒక కొత్త తెగ తయారైంది. వీళ్ళు సన్నని పుల్లలు పట్టుకుని గంటలకొద్దీ పిన్నులతో కుస్తీ పట్టరు. "లాక్ బంపింగ్ నేర్చుకుంటున్నాను" అంటారు. గొంతులో వినయం, కళ్ళలో అప్పుడే తొడిగిన గండపెండేరం. ఏం నేర్చుకున్నావు నాయనా అని అడిగితే ఒక తాళంచెవి తీసి చూపిస్తారు. దాని గాట్లన్నీ అట్టడుగు దాకా కోసేసి ఉంటాయి. దాన్ని తాళంలో దూర్చి, వెనక నుంచి చిన్న సుత్తితో ఒక్కటి వేస్తారు. తెరుచుకుంటే విద్య వచ్చినట్టు. తెరుచుకోకపోతే ఇంకొకటి వేస్తారు. కోర్సు మొత్తం ఇంతే.

కిటుకు మాత్రం ముచ్చటైనదే, కాదనను. లైనస్ యేల్ జూనియర్ 1860లలో పేటెంట్ తీసుకున్న పిన్ టంబ్లర్ తాళమే ఈనాటి సిలిండర్ తాళాలకు తాత. అందులో ఐదారు జతల పిన్నులుంటాయి, వాటి నెత్తిన స్ప్రింగులు. అసలు చెవి పెడితే ప్రతి జత మధ్యనున్న చీలికా ఒకే గీత మీదికి వస్తుంది, సిలిండర్ తిరుగుతుంది. దెబ్బ తగిలితే కథ మారుతుంది. క్యారమ్స్‌లో స్ట్రైకర్ తగిలిన కాయ తాను ఆగిపోయి పక్క కాయను పరిగెత్తించినట్టు, కింది పిన్ను ఉన్నచోటే ఉండి పైదాన్ని ఎగరగొడుతుంది. ఆ రెప్పపాటులో సిలిండర్ తిరిగే వీలు చిక్కుతుంది. ఇందులో న్యూటన్ ప్రతిభ ఉంది. నాలుగు డబ్బులు మిగుల్చుకుందామని దెబ్బకు అడ్డుపడే ఏర్పాటు పెట్టని కంపెనీ పొదుపరితనం ఉంది. కొట్టినవాడి ప్రతిభ ఎక్కడుందో భూతద్దం పెట్టి వెతకాలి.

పోనీ ఇది కొత్తగా కనిపెట్టిందా అంటే అదీ కాదు. ఇలా తట్టి తెరిచే చెవికి అమెరికాలో 1920లలోనే పేటెంట్ ఇచ్చారు. తాళాల పనివాళ్ళు గుట్టుగా వాడుకుంటూ వచ్చారు. 2005 ప్రాంతంలో నెదర్లాండ్స్‌లో 'టూల్' అనే తాళాల హాబీ సంఘానికి చెందిన బారీ వెల్స్, రాప్ గోంగ్‌గ్రైప్ దీన్ని వివరంగా రాసి బయటపెట్టారు. మీ తలుపుకున్న తాళం ఎంత బోలుదో చూసుకోండి అని జనానికి చెప్పడం వాళ్ళ ఉద్దేశం. మన శిష్యుడు ఆ హెచ్చరికను సిలబస్‌గా చదువుకున్నాడు. 2006లో లాస్‌వేగాస్‌లో జరిగిన డెఫ్‌కాన్ హ్యాకర్ల సమావేశంలో పదకొండేళ్ళ పాప ఒకతె అమెరికా ఇళ్ళలో మామూలుగా వాడే తాళాన్ని ఇదే పద్ధతిలో తెరిచింది. తలదించుకోవాల్సింది తాళం కంపెనీ. కానీ పాతికేళ్ళ కుర్రాడు ఈనాడు అదే పని చేసి, వీడియో తీసి, వెనక వీరరసం సంగీతం తగిలించి బంధువులందరికీ పంపుతున్నాడు.

ఈ చేతివాటానికి చరిత్రలో పెద్దలు లేకపోలేదు. లండన్ పికడిలీలో బ్రామా తాళాల దుకాణం కిటికీలో ఒక తాళం అరవై ఏళ్ళకు పైగా సవాలుగా వేలాడింది, తెరిచినవాడికి 200 గినీల బహుమతి. 1851లో హాబ్స్ అనే అమెరికన్ దాన్ని తెరిచాడు. పదహారు రోజుల వ్యవధిలో 51 గంటలు పట్టింది. ఆయనే సుత్తి పట్టుకుని ఆ కిటికీ ముందు నిలబడి ఉంటే బహుమతి సంగతి దేవుడెరుగు, పోలీసు వచ్చేవాడు.

"ఇదీ కళేనండీ" అని వాదించేవారికి నాదొక మనవి. మృచ్ఛకటికంలో శర్విలకుడనే దొంగ ఉన్నాడు. కన్నం వేసే ముందు అది పద్మంలా ఉండాలా, పూర్ణకుంభంలా ఉండాలా అని ఆలోచిస్తాడు. కొలతాడు మరిచిపోయి వస్తే జందెంతో గోడ కొలుస్తాడు. దొంగతనమే అయినా, పొద్దున్నే చూసేవాళ్ళు పనితనం మెచ్చుకోవాలన్న తపన అతనిది. సుత్తితో ఠపీమని కొట్టేవాడికి శర్విలకుడి సంఘంలో సభ్యత్వం దొరకదు.

ఇక "జాడ తెలియకుండా, తాళం చెడకుండా" అన్న గొప్ప ఒకటి. దెబ్బ దెబ్బకూ చెవి భుజం తాళం ముఖాన సొట్ట పెడుతుంది, లోపల పిన్నుల మీద మచ్చలు పడతాయి. సిలిండర్ విప్పి చూసిన నిపుణుడికి అవి చాలు. జాడ తెలియనిది కొట్టినవాడికి మాత్రమే.

మన దేశంలో ఈ విద్యార్థికి ఇంకో కష్టం. ఆన్‌లైన్‌లో తెప్పించిన బంప్ కీల గుత్తి పట్టుకుని తాతగారి గోదాముకు వెళితే, అక్కడ వేలాడేది అలీగఢ్‌దో దిండిగల్‌దో లివర్ తాళంకప్ప. అందులో ఎగరడానికి పిన్నులే లేవు. ఆ గుత్తిలోని చెవి దాని నోట్లో పట్టదు కూడా. పాశ్చాత్య శాస్త్రీయ విద్యను మన ఇనుము గౌరవించలేదని శిష్యుడు నొచ్చుకుంటాడు. నొచ్చుకుని, అపార్ట్‌మెంట్‌కు తిరిగొచ్చి సొంత తలుపు మీద పడతాడు. ఈ హాబీలో పెద్దలు పెట్టిన నియమాలు రెండే. నీది కాని తాళం ముట్టకు, రోజూ వాడుకునే తాళం ముట్టకు. మొదటిదాన్ని నిష్ఠగా పాటిస్తున్నాడు కాబట్టి రెండోదానికి మినహాయింపు ఉంటుందని అతని నమ్మకం.

సాయంత్రానికి అసలు చెవి కూడా తిరగదు. అప్పుడు గుర్తొస్తాడు వీధి మలుపులో గొడుగు కింద కూర్చునే తాళాలాయన. ఆయన ఖాళీ చెవిని తాళంలో పెట్టి కదిపి, బయటికి తీసి వెలుతురుకు పట్టి, మచ్చ పడ్డచోట ఆకురాయితో రెండు గీతలు గీసి, మళ్ళీ పెడతాడు. అలా తాళాన్నే అడిగి తెలుసుకుంటూ చెవి తయారుచేస్తాడు. యూరప్ హాబీ సంఘాలు ఇదే పనికి గడియారం పెట్టి పోటీలు జరుపుతాయి. ఈయనకు ఆ సంగతి తెలియదు, తెలిసినా వెళ్ళడు, గిరాకీ పోతుంది.

ఆయన వచ్చి సిలిండర్ ముఖాన్ని బొటనవేలితో తడిమి చూస్తాడు. తాళానికి ఏ హానీ చేయని ఆధునిక పద్ధతి ఒకటుందని శిష్యుడు వివరించబోతాడు.

"సిలిండర్ పోయింది సార్, కొత్తది వెయ్యాలి. ఇంతకీ దొంగ దొరికాడా?"