ఫొటో వచ్చేలా దానం చెయ్యి బాబూ!

పిల్లలకు దయాగుణం నేర్పే భారం కార్పొరేట్ బడులు నెత్తికెత్తుకున్నాయి. ఇక మనకు బెంగ లేదు. గాంధీ జయంతి వస్తోందంటే చాలు, దాన వారోత్సవం. ముందురోజు రాత్రి పదింటికి క్లాసు వాట్సాప్ గ్రూపులో హుకుం దిగుతుంది: కిలో బియ్యం, ఒక దుప్పటి, తెల్ల యూనిఫాం. యూనిఫాం తప్పనిసరి, దయ ఐచ్ఛికం.

మర్నాడు బస్సు వృద్ధాశ్రమం ముందు ఆగుతుంది. మొదట ఫ్లెక్సీ దిగుతుంది, తర్వాత కరస్పాండెంటు గారు, తర్వాత పిల్లలు, ఆఖర్న బియ్యం. రెండో తరగతి బుడ్డోడొకడు ఎవరూ చెప్పకుండానే వెళ్లి దుప్పటి ఓ అవ్వ చేతిలో పెట్టేస్తాడు. కొంప మునిగింది! ఫొటోలో పడలేదు. "ఒరేయ్, వెనక్కి తీసుకో. అవ్వా, చేతులు చాపి అలాగే ఉండు. కెమెరా వైపు చూడరా... ఆఁ, ఇప్పుడివ్వు!" ఇచ్చినది లాక్కుని మళ్లీ ఇవ్వడం కూడా దానమేనని వాడికి ఆ పూటే తెలుస్తుంది. ప్రోగ్రెస్ కార్డులో సేవాభావానికి ఏ ప్లస్ పడుతుంది.

అదే కరస్పాండెంటు గారి దగ్గర విద్యాహక్కు చట్టం మాటెత్తి చూడండి. 2009 నాటి ఆ చట్టంలో సెక్షన్ 12(1)(సి) ఉంది. దాని ప్రకారం, మైనారిటీ సంస్థలు తప్ప సర్కారు సాయం పొందని ప్రైవేటు బడులన్నీ ప్రవేశ తరగతిలో 25 శాతం సీట్లు పేద, బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలి. ఖర్చు సర్కారు తిరిగి కట్టాలి. 2012లో సుప్రీంకోర్టు కూడా సరేనంది. అయినా ఆంధ్రప్రదేశ్‌లో ఆ సీట్లు దక్కడం మొదలైంది 2022-23లో. తెలంగాణ అంతకన్నా వెనకబడింది. ఎందుకివ్వరని బడివాళ్లను అడిగితే, సర్కారు బకాయిలు పెడుతుందంటారు. నిజమే, దాన్ని కడిగెయ్యాల్సిందే. కానీ 'స్టాండర్డ్ పడిపోతుంది' అంటారే, ఆ మాటకు అర్థమేమిటి? ఆశ్రమంలో ఉన్నంతసేపూ పేదవాడు దేవుడు, మన బెంచీ మీద కూర్చుంటే దరిద్రం అనేగా?

తల్లిదండ్రులం మనమేం తక్కువ తిన్నాం? 'పనివాళ్లు ఈ లిఫ్టు ఎక్కరాదు' అన్న బోర్డుతోనే మనవాడికి చదవడం వచ్చింది. పనిమనిషి కూతురికి క్యారేజీలోంచి ముద్ద పెట్టాడని వీపు విమానం మోత మోగించి, సాయంత్రం డొక్కా సీతమ్మ పాఠం వల్లె వేయిస్తాం. ఆ మహాతల్లి గోదావరి లంకల్లో వేళాపాళా లేకుండా వచ్చినవాళ్లకల్లా వండి వడ్డించింది. ఏడో ఎడ్వర్డు పట్టాభిషేక వేడుకకు పిలుపొచ్చినా వెళ్లలేదనీ, ఫొటోకైనా కూర్చోమ్మా అని అధికారులు బతిమాలుకోవాల్సి వచ్చిందనీ చెప్పుకుంటారు. ఆవిడ ఇప్పుడుంటే సేవాభావంలో ఫెయిలే!

ఈసారి అడ్మిషన్‌కు వెళ్లినప్పుడు ఏసీ గదులూ, ఈత కొలనూ చూడటం అయ్యాక, 12(1)(సి) కింద ఎందరిని చేర్చుకున్నారో అడగండి. అంకె చెప్పలేక నసిగితే ఫీజు కట్టకుండా లేచి వచ్చెయ్యండి.