కోరుకున్న చోట పీక్ రప్పించడం ఎలా?

ఉత్ప్రేరకం మీదికి వాయువు వదిలి, పరారుణ కిరణాలు పంపి, ఉపరితలం మీద ఏం అతుక్కుందో చూడవచ్చని రాబర్ట్ ఐషెన్స్ బృందం 1954లో చూపించింది. సిలికా మీది లోహాలు, కార్బన్ మోనాక్సైడ్ వాళ్ల సరంజామా. అప్పటినుంచి ఈ విద్యలో చిక్కంతా ఒకటే: పీక్ వచ్చాక అది దేనిదో తేల్చడం. ఈ వరస తిరగేస్తే చిక్కే లేదు. ముందు దేనిదో తేల్చుకోండి, పీక్ తర్వాత వస్తుంది. లోహ ఆక్సైడ్ల మీద పనిచేసే కొత్త స్కాలర్ల కోసం ఆ కిటుకులు ఇవి. అంకెలన్నీ సెం.మీ.⁻¹లో.

1. శాంపిల్‌ను శుభ్రం చేయకండి

అల్యూమినా, టైటానియా, సీరియా గాలిలో ఉన్నంతసేపూ నీటినీ కార్బన్ డయాక్సైడ్‌నూ పట్టుకుంటూనే ఉంటాయి. వాటిని వదిలించడానికి 400, 500 డిగ్రీల దగ్గర గంటలకొద్దీ వ్యాక్యూమ్ పెట్టడం కరెంటు దండగ. లోహ అయాన్లను నీళ్లు కప్పేసి ఉంటే మీరు వదిలిన వాయువుకు అక్కడ చోటు దొరకదు. ‘ఈ ఉత్ప్రేరకానికి లూయీ ఆమ్ల స్థానాలు లేవు’ అని ధీమాగా రాసుకోవచ్చు. పైగా 1200–1700 మధ్య కార్బనేట్ పీక్‌లు ముందే సిద్ధంగా ఉంటాయి. చర్య మొదలుపెట్టకముందే ఉత్పన్నం చేతికొచ్చినట్టే.

2. బ్యాక్‌గ్రౌండ్ పొద్దున ఒక్కసారి చాలు

అది తీసేటప్పుడు పరికరం చుట్టూ నలుగురు నిలబడి కబుర్లు చెప్పుకుంటే ఇంకా మంచిది. వాళ్లు వెళ్లిపోయాక తీసిన స్పెక్ట్రంలో 2349 దగ్గర కార్బన్ డయాక్సైడ్ పీక్ తలకిందులుగా వేలాడుతుంది. దానికి ‘కార్బన్ డయాక్సైడ్ వినియోగం’ అని పేరు పెట్టండి. 1400–1900 మధ్య కనిపించే సన్నటి గీతలు గాలిలోని నీటి ఆవిరివి. వాటిలో నచ్చినదాన్ని ఏరుకోండి.

3. వాయువును తీసివేయకండి

ఇది అన్నిటికన్నా లాభసాటి కిటుకు. సెల్‌లో విడిగా తిరిగే కార్బన్ మోనాక్సైడ్‌కు 2143 దగ్గర ఖాళీ ఉంటుంది, దానికి అటూ ఇటూ అణువుల భ్రమణం వల్ల వచ్చే సన్నగీతల గుంపులు రెండుంటాయి. రిజల్యూషన్ తగ్గించండి. గీతలన్నీ కలిసిపోయి సుమారు 2170 దగ్గర ఒకటి, 2120 దగ్గర ఒకటి, రెండు వెడల్పాటి పీక్‌లుగా నిలుస్తాయి. మీది సీరియా మీద రాగి అయితే పండగే: మొదటిది సీరియం అయాన్ మీద కూర్చుంది, రెండోది రాగి మీద కూర్చుంది. అదే పీడనం దగ్గర ఖాళీ సెల్ స్పెక్ట్రం తీసి ఇందులోంచి తీసివేస్తే ఈ రెండూ ఎగిరిపోతాయి. అందుకే ఖాళీ సెల్ జోలికి పోకండి.

4. పిరిడిన్‌ను సాగనంపకండి

పిరిడిన్ బ్రాన్‌స్టెడ్ ఆమ్ల స్థానం మీద ఉంటే 1540 దగ్గర, లూయీ స్థానం మీద ఉంటే 1450 దగ్గర పలుకుతుంది. హైడ్రోజన్ బంధంతో ఊరికే ఆనుకున్నది కూడా 1445 చుట్టుపక్కలే కనిపిస్తుంది. 150 డిగ్రీల దగ్గర వ్యాక్యూమ్ పెడితే ఆ ఆనుకున్నది చాలావరకు వెళ్లిపోతుంది, మీ లూయీ లెక్కా తగ్గిపోతుంది. ఎందుకొచ్చిన నష్టం? ఇక 1490 దగ్గరిది రెండు రకాలకూ ఉమ్మడి ఆస్తి. దాన్ని మీ గైడ్‌గారికి ఇష్టమైన ఆమ్లం పేరన రాసివ్వండి.

5. చీకట్లోనూ వెతకండి

సుమారు 1000 కిందికి వెళ్తే అల్యూమినా తానే కాంతినంతా మింగేస్తుంది. అక్కడ మిగిలేది నాయిసే. స్మూతింగ్ నాలుగుసార్లు కొడితే అదీ పీక్ అవుతుంది.

6. ఎత్తైన పీక్‌కే పట్టం కట్టండి

సీరియా మీద కార్బన్ మోనాక్సైడ్, నీటి ఆవిరి కలిపి హైడ్రోజన్ తీస్తుంటే 2850, 1580, 1370 ప్రాంతాల్లో ఫార్మేట్ బలంగా కనిపిస్తుంది. చర్య దాని మీదుగానే నడుస్తోందని ప్రకటించండి. అసలు పనిచేసే అణువు పుట్టీపుట్టగానే మారిపోయి కంటికి ఆనకపోవచ్చు, పనీపాటా లేనిదే ఉపరితలం మీద పేరుకుని ఉండవచ్చు. ఈ సంగతి మీ గ్రాఫుకు తెలియనివ్వకండి. చర్య నడుస్తుండగా వాయువును కార్బన్-13 ఉన్నదానికి మార్చి, ఫార్మేట్ మారే వేగం, బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్ మారే వేగం పోల్చే పరీక్ష ఒకటుంది. చేశారో, ఫార్మేట్ వెనకబడిపోయి మీ అధ్యాయం కూలిపోవచ్చు.

7. పట్టిక చివర్లో చూడండి

ముందు పేరు ఖాయం చేసుకుని, ఆ పేరుకు మీ అంకె ఇచ్చిన పాత పేపరును వెతకండి. వాళ్లది ఏ ఆక్సైడో, ఏ ఉష్ణోగ్రతో పట్టించుకోవద్దు. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అవుతుంది.

8. వైవాకు సిద్ధంగా ఉండండి

‘మళ్లీ చేసి చూశారా?’ అంటే ‘శాంపిల్ అయిపోయిందండీ’ అనండి. ‘కార్బన్-13తో చూడలేదేం?’ అంటే ‘ఖరీదు ఎక్కువండీ’ అనండి. ఖరీదు మాట నిజమే. ఆ రోజు మీరు చెప్పబోయే నిజం అదొక్కటే కాబట్టి కాస్త గట్టిగా చెప్పండి.