ముగ్గురాయి మీద ఊరు

మంగంపేట ముగ్గురాయి నీళ్లకంటే నాలుగింతలకు పైగా బరువు. పొడి కొట్టి ఓడలెక్కించి పంపిస్తే, చమురు బావులు తవ్వేచోట బురదలో కలిపి, కిందనుంచి ఎగదన్నే ఒత్తిడిని అణచడానికి వాడతారు. ఆ రాయి కోసం జరిపే పేలుళ్లకు గోడలు బీటలు వారి, కాపుపల్లె, అగ్రహారం లాంటి చోట్ల జనం ఇళ్లు వదలాల్సి వచ్చింది. దేశం సరిహద్దు దాటలేదు కాబట్టి 1951 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం లెక్కన వీళ్లు శరణార్థులు కారు. పుట్టిన వీధే గని గుంతలో కలిసిపోయినవాళ్లకు ఆ తేడా ఏం ఊరట?

అలా లేచొచ్చిన ఓ ఇంటికి కౌన్సెలింగ్ చేసే అమ్మాయి వెళ్లేది. ఈడు చిన్నదైనా పని తెలిసిన పిల్ల. వచ్చీరాగానే ప్రశ్నలు అడగలేదు. నులకమంచం మీద కూర్చుని ఇచ్చిన నీళ్లు తాగింది. చెనక్కాయలు ఒలిచింది. సంగటి పెడితే తినింది. ఆ ఇంటి ముసలామెను "అవ్వా" అని నోరారా పిలిచింది. ఊరు పోగొట్టుకున్నవాళ్ల దగ్గర నమ్మకం ముందు, వైద్యం తర్వాత. ఆమె చేసినదాంట్లో వంక పెట్టడానికి ఏమీ లేదు.

అవ్వ మాత్రం నోరు విప్పలేదు. బయట లారీ తలుపు దబ్బుమని పడితే చాలు, ఆమె చెయ్యి గోడవైపు లేచేది, బల్లమీది గిన్నెలు జారకుండా పట్టుకోబోయినట్టు. ఈ కొత్తింట్లో ఆ గోడకు బల్లే లేదు.

ఒకరోజు పిల్ల ఉండబట్టలేక అడిగింది. "నామీద ఇంకా నమ్మకం కుదరలేదా అవ్వా?"

"నువ్వు మంచిదానివే పాపా. అందుకే బయం."

"ఏంటికవ్వా?"

"పాతూర్లో ఉన్నెప్పుడు ఒకాయన వచ్చినాడు. ఇట్నే మంచం మింద కూచ్చున్యాడు. ఇట్నే చెనక్కాయలు ఒలిచినాడు, సంగటి తిన్యాడు. నోరారా అవ్వా అన్యాడు. నా కష్టమంతా విన్యాడు. కడాకు సంచిలోనుంచి కాగితం తీసి, ఇంటిమింద ఏలిముద్ర ఏపిచ్చుకోని పాయ. మళ్లా కనపడ్లా. నీ సంచిలో ఏముందో ముందు అది తీయి. మాటలు మళ్లా."

సంచిలో ఉన్నది సమ్మతి పత్రం. వైద్యం మొదలుపెట్టేముందు మనిషి అనుమతి తీసుకోవడం మంచి పద్ధతి, అవ్వ హక్కును కాపాడేదీ అదే. దాని అడుగున వేలిముద్రకు చోటు వదిలి ఉంది.