ఠండాయి పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

కాశీకి వెళ్లిన తెలుగువాడికి పనులు చాలా ఉంటాయి. విశ్వనాథుడి దర్శనం, అన్నపూర్ణ, విశాలాక్షి, కాలభైరవుడు, గంగాస్నానం, పితృకార్యం, తొమ్మిది రాత్రుల నిద్ర, చివర్న కాయో పండో వదిలిపెట్టడం. ఈ జాబితాలో లేని పని ఒకటి గోదౌలియా కూడలి దగ్గర ఎదురవుతుంది. అదే ఠండాయి అంగడి. పాలు, బాదం, సోంపు, గసగసాలు, మిరియాలు, గులాబీ రేకులు నూరి కలిపిన చల్లని పానీయం. అంతవరకు పసిపిల్లలు కూడా తాగదగినదే. "సాదానా, భంగుదా?" అని అంగడివాడు హిందీలో అడగడంతో కథ మొదలవుతుంది. భాష రాని యాత్రికుడు మర్యాదకు తలూపుతాడు, వచ్చినవాడు తెలిసే ఊపుతాడు. ఇద్దరికీ ఫలం ఒకటే. సన్నికల్లు మీద నూరిన గంజాయి మొక్క ఆకు, అంటే భంగు, పచ్చటి ముద్దగా గ్లాసులో కలుస్తుంది.

ఆ గ్లాసు కడుపులో పడ్డాక జరిగే సంగతులను సంగ్రహించిన తేటగీతి ఇది. మూలమూ నాదే, టీకా నాదే. కాబట్టి కవి హృదయం అంతుపట్టలేదన్న సాకు ఈ వ్యాఖ్యాతకు చెల్లదు.

మూలం

ఎక్కలేదంచు ఠండాయి యింకొకింత
త్రాగి, గంటకు గోడతోఁ దగవులాడి,
"చచ్చితిని బాబు, పిలువుఁడీ సర్వజనుల"
ననెడు వానికిఁ గాలమే యౌషధంబు.

ప్రతిపదార్థం

ఎక్కలేదు + అంచు = "నాకేం ఎక్కలేదోయ్" అని పలుకుతూ (తాగి ఇంకా పావుగంట కాలేదని అధ్యాహారం); ఠండాయి = పైన చెప్పిన పానీయమును, భంగు కలిసినదానిని; ఇంకొకింత = మరొక నిండు గ్లాసు (పానప్రియుల పరిభాషలో "కొంచెం" అంటే ఇంతే); త్రాగి = మీసానికి అంటిన మీగడ తుడుచుకొని; గంటకు = అరవై నిమిషాలకు, కొందరికి అంతకు రెట్టింపు కాలానికి; గోడతోన్ = తాను బస చేసిన సత్రం గది గోడతో; తగవులాడి = అది దగ్గరికి జరుగుతున్నదని అభియోగం మోపి; బాబు = ఓ బావమరిదీ; చచ్చితిని = నా పని అయిపోయినది; పిలువుఁడీ సర్వజనులన్ = పెళ్లాం బిడ్డలను, పురోహితుణ్ణి, వైద్యుణ్ణి, వీలైతే సత్రం మేనేజరును రప్పించండి; అనెడు వానికిన్ = అని వాపోయేవాడికి; కాలమే = గడియారం ముల్లు కదలడమే; ఔషధంబు = మందు.

మొదటి పాద వ్యాఖ్య

పద్యంలోని సమస్త విషాదానికీ బీజం "ఎక్కలేదు" అనే మొదటి మాటలోనే ఉంది. పొగగా పీల్చినది నిమిషాల్లో తలకెక్కుతుంది. తిన్నదీ తాగినదీ అలా కాదు. కడుపులోంచి పేగుకు, పేగులోంచి కాలేయానికి వెళ్లాలి. భంగులో మత్తు కలిగించే ముఖ్య పదార్థం టీహెచ్‌సీ. దాన్ని 1964లో ఇజ్రాయెల్‌లో రఫాయెల్ మెషూలం, యెహీల్ గావోని విడదీసి, నిర్మాణం తేల్చారు. కాలేయం దీన్ని మెదడుకు ఇంకా సులువుగా చేరే మరో రూపంలోకి మారుస్తుంది. ఈ వ్యవహారమంతా తెమలడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. పూరీ కూర దట్టించిన కడుపైతే మరింత ఆలస్యం. ప్రభావం రెండు నుంచి నాలుగు గంటల మధ్య శిఖరానికి చేరి, ఆరేడు గంటలు, ఒక్కోసారి పన్నెండు గంటల దాకా ఉంటుంది.

పావుగంటకే "ఎక్కలేదు" అన్నవాడు అబద్ధం చెప్పడం లేదు. తొందరపడి తీర్పు చెబుతున్నాడు. మొదటి గ్లాసు దారిలో ఉండగానే రెండోదాన్ని పంపుతాడు. తర్వాత రెండూ కలిసి వస్తాయి.

"ఇంకొకింత" అన్నచోట కొలత ప్రశ్న వస్తుంది. అమెరికాలోని కొలరాడోలో గంజాయి మిఠాయి పెట్టె మీద ఒక వంతుకు పది మిల్లీగ్రాముల టీహెచ్‌సీ అని అచ్చువేసి ఉంటుంది. అది కూడా కొత్తవాడికి ఎక్కువే. అయినా అక్కడి మన పిల్లలు గమ్మీ రుచిగా ఉందని రెండోది నోట్లో వేసుకుని ఇదే పద్యానికి ఉదాహరణలవుతున్నారు. కాశీ గ్లాసు మీద ఆ అచ్చు కూడా ఉండదు. ముద్ద గోలీకాయంతా, రేగుపండంతా అన్నది అంగడివాడి చేతివాటం. ఆకు ముదురో లేతో, ఏ తోటదో ఎవరూ చెప్పలేరు. నిన్న పడినంతే ఇవాళా పడుతుందన్న హామీ లేదు.

రెండో పాద వ్యాఖ్య

కల్లు తాగిన కోతి గంతులేస్తుంది. భంగు మితిమీరిన మనిషి మంచం కోడు పట్టుకుని కూర్చుంటాడు. నోరు ఎండిపోతుంది, కళ్లు ఎర్రబడతాయి, గుండె దడదడలాడుతుంది. లేచి నిలబడితే రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి. కాలం సాగుతుంది. గడియారం చూసి, ఒక యుగం ఆగి మళ్లీ చూస్తే మూడు నిమిషాలు గడిచి ఉంటాయి. గుండె కొట్టుకోవడం వినపడి భయం పుడుతుంది, భయానికి గుండె ఇంకా కొట్టుకుంటుంది. గోడతో తగవు అంటే కవి చమత్కారం మాత్రమే కాదు. ఎవరో కనిపెట్టి చూస్తున్నారనీ, పక్కగదివాళ్లు తన గురించే మాట్లాడుకుంటున్నారనీ అనుమానం కలగడం ఈ స్థితి లక్షణం.

మూడో పాద వ్యాఖ్య

"చచ్చితిని" అన్నవాడు చావలేదనడానికి ఆ మాటే రుజువు. కాబట్టి ఇక్కడ విరోధాభాసాలంకారం. నల్లమందు మోతాదు మించితే ఊపిరి ఆగిపోవచ్చు. మెదడులో ఊపిరిని నడిపే భాగం మీద టీహెచ్‌సీకి అంతటి పట్టు లేదు. ఆరోగ్యవంతుడైన పెద్దవాడు భంగు ఎక్కువైనంత మాత్రాన చనిపోవడం అత్యంత అరుదు. ఈ మాటే అతనికి చెప్పాలి, నెమ్మదిగా, ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు.

ఎలా చెప్పాలో ఉదాహరణ. సత్రం గది, రాత్రి పదకొండు.

"ఒరేయ్, నేను పోతున్నానురా."

"ఎక్కడికి బావగారూ? మన టిక్కెట్టు ఎల్లుండికి కదా."

"గుండె ఆగిపోయేట్టుందిరా."

"ఆగదు. భంగు పని అది. తెల్లారేసరికి దిగిపోతుంది. ఇదిగో, ఓ గుక్క నీళ్లు తాగండి."

"మీ అక్కకి చెప్పకు."

"చెప్పను, పడుకోండి. నేనిక్కడే ఉంటాను."

ఈ బావమరిది ఉత్తమ వైద్యుడు. వాదించలేదు, వెక్కిరించలేదు, ఫోనులో వీడియో తీయలేదు. ఏమైందో చెప్పాడు, ఎప్పటికి తగ్గుతుందో చెప్పాడు, పక్కనే ఉంటానన్నాడు. "కాశీలో పోతే మోక్షమే కదా బావగారూ" అన్న ఓదార్పు శాస్త్రసమ్మతమే గాని, ఈ సమయంలో పనికిరాదు.

"సర్వజనుల" అన్నది రోగి కోరిక మాత్రమే, విధి వాక్యం కాదు. పదిమంది చేరితే పది సలహాలు వస్తాయి, భయం పదింతలవుతుంది. నిబ్బరమైన మనిషి ఒకడు చాలు. దీపం తగ్గించాలి, టీవీ ఆపాలి, కదలని చోట పడుకోబెట్టాలి. వాంతి వచ్చేట్టుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి.

నాలుగో పాదం మీద శంకలు, సమాధానాలు

శంక: కాలమే ఔషధమైతే నిమ్మకాయ ఎందుకు? ఉత్తరాదిన తరతరాలుగా పులుపు పెడుతున్నారు కదా?

సమాధానం: నిమ్మరసమో చింతపండు నీళ్లో ఓ గుక్క తాగితే ఎండిన నోటికి హాయి, ఏదో వైద్యం జరుగుతోందన్న ధైర్యం. అది చిన్న లాభం కాదు. అయితే రక్తంలో కలిసినదాన్ని పులుపు బయటికి లాగదు. నిమ్మలో లిమొనీన్ ఉంది కదా అనే పండితులకు మనవి: అది ముఖ్యంగా తొక్కలో ఉంటుంది, రసంలో కాదు.

శంక: నెయ్యి?

సమాధానం: కూడదు. టీహెచ్‌సీ కొవ్వులో కరుగుతుంది. భంగును పాలలో, నేతిలో చేయడంలోని కిటుకే అది. కడుపులో ఇంకా మిగిలి ఉంటే నెయ్యి దాన్ని ఒంటికి మరింత పట్టిస్తుంది.

శంక: కాఫీ?

సమాధానం: పరుగెత్తే గుండెను అదిలించినట్టే. మద్యం అంతకన్నా చెడ్డది, భంగుతో కలిస్తే మత్తు రెట్టిస్తుంది. ఇంట్లో ఉన్న నిద్రమాత్ర వేయడమూ తగదు.

శంక: ఉప్పునీళ్లు తాగించి కక్కిస్తే?

సమాధానం: మగతలో ఉన్నవాడు కక్కితే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అదీగాక గంట గడిచాక కక్కడానికి అక్కడ పెద్దగా మిగిలి ఉండదు.

శంక: గంగలో ఒక్క మునక వేయిస్తే?

సమాధానం: ఇది అన్నిటికన్నా ప్రమాదం. ఘాటు మెట్లు నాచుపట్టి ఉంటాయి, నీళ్లు లోతు, మనిషి కాళ్లు స్వాధీనంలో లేవు. మేడ మీదికి గాలికి తీసుకెళ్లడం, పడవ ఎక్కించడం, బండి తాళం చేతికివ్వడం అన్నీ ఇదే కోవలోవి. పుణ్యం తెల్లారాక కట్టుకోవచ్చు.

ఉత్సర్గం, అపవాదం

ప్రతి సూత్రానికీ అపవాదాలుంటాయని వ్యాకరణం చదివినవాళ్లకు తెలుసు. "కాలమే ఔషధం" సామాన్య సూత్రం. దానికి అపవాదాలివి. గుండెనొప్పి, మూర్ఛ, ఫిట్స్, ఊపిరి ఆడకపోవడం, పిలిచినా తట్టినా లేవకపోవడం, ఎడతెగని వాంతులు, తననో ఇతరులనో గాయపరిచేంత భ్రమ. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా పద్యం పక్కన పెట్టి 108కి ఫోను చేయాలి. గుండెజబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, మద్యమో మరేదో మందో కలిపి తీసుకున్నవాళ్ల విషయంలో వేచిచూడడం తగదు.

పసిపిల్లలది పూర్తిగా వేరే ప్రకరణం. హోలీకి తెచ్చిన పచ్చ బర్ఫీ అలమరలో ఉంటే పిల్లవాడికి అది బర్ఫీయే. పెద్దవాడికి బెంగ పుట్టించే ముక్క పిల్లవాణ్ణి స్పృహ లేకుండా చేయగలదు, ఊపిరికీ ఇబ్బంది తెస్తుంది. ఏ లక్షణమూ కనిపించకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఆసుపత్రిలో విరుగుడు సూది ఏదీ ఉండదు. నాడి, రక్తపోటు చూస్తారు, అవసరమైతే సెలైను ఎక్కిస్తారు, బెదురు తగ్గే మందిస్తారు. అక్కడ "పానీపూరీ పడలేదండి" అని చెప్పకూడదు. ఏది, ఎంత, ఎప్పుడు తీసుకున్నాడో నిజం చెబితే సగం పరీక్షలు తప్పుతాయి. ఒంటి మత్తు దిగినా భయం, అనుమానం రోజుల తరబడి వదలకపోతే మనోవైద్యుణ్ణి చూడాలి. కేంద్ర ప్రభుత్వపు టెలీమానస్ 14416 నంబరులో తెలుగులోనూ మాట్లాడవచ్చు.

విశేషాలు

రసవిచారం: తాగినవాడిది భయానకం, పక్కగదివాళ్లది హాస్యం. తోడున్నవాడు మాత్రం శాంతరసం తప్పకూడదు.

పాఠాంతరం: "గంటకు" అన్నచోట "నిత్యము" అని సవరించుకుని రోజూ తీసుకునేవాళ్లకు మరో బాధ ఉంది. ఏళ్ల తరబడి వాడినవాళ్లలో కొందరికి వాంతులు పట్టుకుని వదలవు, వేణ్నీళ్ల స్నానం చేసినంతసేపే ఉపశమనం. 2004లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ వైద్యులు దీన్ని గుర్తించి రాశారు. ఆ జబ్బుకు మాన్పు మానేయడమే.

ధర్మశాస్త్రం: 1893-94లో భంగు, గంజాయి వాడకం మీద బ్రిటిష్ ప్రభుత్వం వేసిన కమిషన్ వెయ్యిమందికి పైగా సాక్షులను విచారించి, మితంగా వాడినదానికీ మితిమీరినదానికీ చాలా తేడా ఉందని తేల్చింది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పూతను గంజాయి అనీ, జిగురును చరస్ అనీ నిషేధించి, ఒట్టి ఆకును విడిచిపెట్టింది. అందుకే ఉత్తరప్రదేశ్‌లో లైసెన్సు పొందిన భంగు దుకాణాలున్నాయి. ఆ లైసెన్సు మనతో రైలెక్కి సికింద్రాబాదు రాదు. మన్యం గంజాయికి ఈ ఆకు మినహాయింపు అసలే వర్తించదు, దానికి జైలే.

తాత్పర్యం

తొందరపడి రెండో గ్లాసు తాగి, చచ్చిపోతున్నానని కంగారుపడేవాడికి నీళ్లు, పడక, పక్కన ఒక మనిషి, కొన్ని గంటల కాలం కావాలి. మిగిలిన చిట్కాలన్నీ ఆ గంటలు గడవడానికే. అపవాదాలు కనిపిస్తే మాత్రం గంటలు లెక్కపెట్టకుండా ఆసుపత్రికి.

ఫలశ్రుతి

ఈ టీకా చదివినంత మాత్రాన ఎవరికీ మత్తు దిగదు, ఎక్కేముందు చదివితేనే ఫలం. అంగడివాడు అడిగినప్పుడు "సాదా" అన్నవాడికి ఈ పద్యంతో పనే లేదు. రుచి చూసి తీరతానన్నవాడు గుండె, మనసు గట్టిగా ఉన్నాయో లేదో ముందు చూసుకోవాలి. సగం గ్లాసుతో ఆపాలి, తాగనివాణ్ణి ఒకణ్ణి వెంటబెట్టుకోవాలి. అతనికి ముందే అధికారం ఇచ్చి ఉంచండి: "ఎక్కలేదు" అన్న మాట మీ నోట రాగానే గ్లాసు లాగేసుకొమ్మని.